దొరసాని గుండె మీది అంకెలు

కారు అమ్ముడుపోయినట్టేనన్న కబురు విని సంతోషించవలసిన మనిషి, ఆ మధ్యాహ్నం దుకాణం షట్టరు సగానికి దించి, వెనక గదిలో ముక్కాలి పీట మీద కదలకుండా కూర్చుండిపోయాడు. కబురు తెచ్చినవాడు ఆయన బావమరిది. బీమా కంపెనీలో గుమాస్తా, నోటికి మూత లేని మనిషి. ఎముకల డాక్టరమ్మ ఒకావిడ పాతకాలపు కార్లు సేకరిస్తారనీ, ఫొటోలు చూసి ముచ్చటపడ్డారనీ, బేరం దాదాపు కుదిరిపోయిందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆఖరున, చెప్పులు తొడుక్కుంటూ, ఒక చిన్న మాట జారవిడిచాడు. గురువారం రిజిస్ట్రేషను ఆఫీసు తరఫున ఒక పరీక్షకుడు వస్తాడట. బండి ఒళ్ళంతా చూసి, ఇంజను మీది నంబరునూ కాగితాల్లోని నంబరునూ సరిపోల్చి, అంతా పుట్టినప్పటిదేనని రాసి ఇస్తాడట.

“అన్నీ అసలువేనని నేను ముందే చెప్పేశాలే బావా. నంబర్లదేముంది, పుట్టుమచ్చల్లాంటివి. ఎక్కడికి పోతాయి?”

అవునన్నట్టు ఆయన తల ఊపాడు. ఆ ఊపడమే ఆయన చేసిన రెండో తప్పు. మొదటిది ఇరవై ఏడేళ్ళ కిందటిది. దాని సంగతి ఈ లోకంలో ఇప్పుడు ఆయన ఒక్కడికే తెలుసు. తెలిసిన రెండో మనిషి నాలుగేళ్ళ కిందటే పోయాడు.

వీధిలో అందరూ ఆయనను ముద్రలాయన అంటారు. నలభై ఏళ్ళుగా ఆయన పని ముద్రలు చెక్కడం. ఇంటి మెట్ల కింద రెండు గదుల దుకాణం, కిటికీ పక్కన బల్ల, బల్ల అంచున వేళ్ళ ఒరిపిడికి పడిన గుంట. కోర్టు గుండ్రటి ముద్ర, రెండు బ్యాంకుల ఇత్తడి ముద్రలు, బడుల రబ్బరు ముద్రలు, బండ్ల రిజిస్ట్రేషను ఆఫీసు వారి ముద్ర, అన్నీ ఆ బల్ల మీదే పుట్టాయి. కాగితం మీద ఎవరు ఏమి రాసినా, ఆయన చెక్కినది పడేదాకా అది ఉత్త కాగితమే. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు కనుక, పనిలో ఆయన మహా చాదస్తుడు. ఆఫీసు వారి ఉత్తరం, దాని మీద అధికారి సంతకం లేనిదే ఎంతటివాడికీ అక్షరం చెక్కడు. ఒకప్పుడు ఈ బావమరిదే సెలవు చీటీకి పనికొస్తుందని ఏదో ఆసుపత్రి ముద్ర అడిగితే, ఆయన సుత్తి కింద పెట్టకుండానే వీధి వైపు వేలు చూపించాడు. “అక్కా, నువ్వు కట్టుకున్నది మనిషిని కాదే, బండరాయిని” అని ఆ కుర్రతనంలో అతను అన్న మాటను ఆయన నేటికీ బిరుదులాగే మోస్తున్నాడు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉంది. ఏది చెక్కినా, చెక్కడం పూర్తయ్యాక, దీపపు మసి పట్టించి పలుచటి కాగితం మీద దాని అచ్చు తీసి, తేదీ వేసి, ఒక బౌండు పుస్తకంలో అంటిస్తాడు. పాతది అరిగిపోయి కొత్తది అడిగితే, ముందు పాతదాని అచ్చు, పక్కనే కొత్తదాని అచ్చు. చివరి గడిలో, చెక్కినది ఎవరు అన్న చోట, తన పొడి సంతకం. ఆకులకు వరుస నంబర్లు. ఒక్క ఆకు చిరిగినా పుస్తకం మొత్తం అబద్ధమైనట్టేనని ఆయన గురువు చెప్పిన మాట. ఎవరూ అడగని ఈ సాక్ష్యాన్ని ఆయన నలభై ఏళ్ళుగా, పదకొండు పుస్తకాలుగా, తనకు తానే ఇచ్చుకుంటూ వచ్చాడు.

ఇంతటి మనిషి దొంగ నంబరు కొట్టాడంటే నమ్మేవాళ్ళుండరు. కొట్టాడు.

కారు ఆయన చేతికి వచ్చింది ఇరవై ఎనిమిదో ఏట. ఒక నూలు మిల్లు యజమాని ఐరోపా నుంచి ఓడలో తెప్పించుకున్న బండి. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, వాల్‌నట్ చెక్క డ్యాష్‌బోర్డు, కూర్చుంటే నిట్టూర్చే తోలు సీట్లు. మిల్లు మూతపడ్డాక రెండేళ్ళు టార్పాలిన్ కింద పడి ఉండి, చివరికి తుక్కు ధరకు వచ్చింది. మిల్లు ముద్రలు వెనక్కి తీసుకుని కరిగించడానికి వెళ్ళినవాడు కారుతో తిరిగి వచ్చాడు. మరుసటి ఏడు పెళ్ళయి ఇంటికి వచ్చిన భార్య, షెడ్డులో దాన్ని చూసి, “నాకంటే ముందే ఒక దొరసాని దిగిందన్నమాట ఈ ఇంట్లో” అన్నది. ఆ పేరే నిలిచిపోయింది. ఆదివారాలు ఆయన దొరసానికి స్నానం చేయిస్తుంటే, బట్టలు ఆరేస్తూ ఆవిడ దెప్పేది. తన చేతికి ఏనాడైనా ఇంత శ్రద్ధగా గోరింటాకు పెట్టారా అని అడిగేది. కానీ ఎవరింట్లో పురిటి నొప్పులొచ్చినా, ఎవరికి జ్వరం ముదిరినా, తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టేది ఆవిడే.

కొన్న ఏడో ఏట ఒక ఎత్తు రోడ్డు మీద, రేడియేటరులో నీళ్ళు ఇంకిపోయిన సంగతి గమనించకుండా నడిపినందుకు, ఇంజనుకు గుండెలాంటి ఇనుప దిమ్మ పగిలింది. వీధి చివరి మెకానిక్, ఆయన అన్నా అని పిలిచే మనిషి, నెల తిరక్కుండా ఊరవతల తుక్కు కొట్టులో అదే రకం కారుది మరొక దిమ్మ సంపాదించాడు. దిమ్మ బాగుంది. దాని మీద నంబరు వేరు. అమ్మినవాడు రసీదు ఇవ్వలేదు, రసీదు లేనిదే ఆఫీసు కొత్త నంబరు ఎక్కించుకోదు. దరఖాస్తు పెట్టి, అఫిడవిట్ ఇచ్చి, తిరిగితే కాకపోదు అని ముద్రలాయన నసిగాడు. అన్న నవ్వాడు.

“ఆ ఆఫీసులో కాగితం నత్తకంటే నెమ్మదిరా తమ్ముడూ. నువ్వు తిరిగొచ్చేసరికి బండి తుప్పు, నువ్వు ముసలి. అంకెలు చెక్కే చెయ్యి ఇంట్లో పెట్టుకుని, ఆ గుమ్మాలు పట్టుకుని తిరుగుతావా?”

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. అన్న ఆకురాయితో పాత అంకెలు గీకేశాడు. ముద్రలాయన దొరసాని అసలు నంబరును ఆ నున్నటి చోట కొట్టాడు. ఇందుకోసం ఫ్యాక్టరీ అంకెల తీరును చూసి, అంకెలు దించే ఉక్కు పంచ్‌లు తన చేత్తోనే తయారు చేసుకున్నాడు. గీకేయకముందు ఒక అచ్చు, కొట్టాక ఒక అచ్చు తీసుకున్నాడు. అది ఆలోచించి చేసింది కాదు. భోజనం ముందు చెయ్యి కడుక్కున్నట్టు చేసేశాడు. రెండూ నాలుగో పుస్తకంలో, అరవై రెండో ఆకు మీద, పక్కపక్కన అతుక్కుని ఉన్నాయి. చివరి గడిలో పొడి సంతకంతో సహా.

ఆ తరువాత కొన్నేళ్ళు, రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తి ఆపినా ఆయన ప్రాణాలు అరచేతిలోకి వచ్చేవి. ఎవరూ బానెట్ ఎత్తమనలేదు. ఏటేటా జరిగే పరీక్షలో గుమాస్తా పాత కాగితం చూసి కొత్త కాగితం నింపేవాడు. ఎవరూ చూడని తప్పు మెల్లగా తప్పులా కనిపించడం మానేస్తుంది. చట్టాలు బలహీనపడేది అవి లేనందువల్ల కాదు, ఇలా ఎవరూ చూడనందువల్ల. భయం నిద్రపోయింది. ఆయన దాన్ని చచ్చిపోయిందనుకున్నాడు.

ఇప్పుడు ఇంటి యజమాని ఇల్లూ షెడ్లూ అన్నీ పడగొట్టి కొత్త కట్టడం లేపుతున్నాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి. చూసుకున్న కొత్త ఇల్లు మూడో అంతస్తు. “లిఫ్టులో నలుగురే పడతారటండీ. దొరసాని ఒక్కతే ఆరుగురి పెట్టు” అన్నది భార్య. నవ్వుతూనే అన్నది గానీ, ఆ పూట టార్పాలిన్ మీద దుమ్మును తనే దులిపింది. అమ్మడం తప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం భార్య కునుకు తీసే వేళ ఆయన షెడ్డులోకి వెళ్ళి, తలుపు చేరవేసి, బానెట్ ఎత్తి, భూతద్దం కంటికి బిగించాడు. ముందుగా, బానెట్ లోపలి గోడకు ఉన్న ఫ్యాక్టరీ రేకును చూశాడు. దాని మీది ఇంజను నంబరులో నాలుగు కాస్త పైకి ఎగిరింది, ఒక ఏడు కుంటుతోంది, రెండోది మరీ లోతుగా దిగింది. ఎవరో పనివాడు, పూటకు ఎన్నో బండ్లు చూసేవాడు, తొందరగా కొట్టి వెళ్ళిపోయిన అంకెలు. తరువాత ఇంజను దిమ్మ వైపు తిరిగాడు. తాను కొట్టిన అంకెలు దారం కట్టి దించినట్టు నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ఎగరలేదు. రెండు ఏడులూ కవలపిల్లలు.

అప్పట్లో తాను ఫ్యాక్టరీ తీరును అనుకరించాననుకున్నాడు. కాదు, దిద్దాడు. చేతిలో పనితనం పెట్టుకున్నవాడి పొగరు ఆపుకోలేక, వంకరగా ఉన్నదాన్ని వంకరగా కొట్టలేక, దొంగతనాన్ని కూడా చక్కటి దస్తూరీ చేసి పెట్టాడు. ఏటేటా కాగితం నింపే గుమాస్తా కళ్ళకు ఆనని ఆ తేడా పరీక్షకుడి కళ్ళకు ఆనకపోతుందా? ఇంత అందమైన అంకెలు ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టవు. ఇవి ఎవరో తీరిగ్గా కూర్చుని కొట్టినవని కుర్ర అప్రెంటిసు కూడా చెప్పగలడు. తీరిగ్గా కూర్చుని అంకెలు కొట్టగలిగినవాడు ఈ ఊళ్ళో ఎవడు అని ఎవరూ అడగనక్కరలేదు, ఆ బోర్డు దుకాణం మీదే ఉంది.

కోర్టు వారికి తెలుస్తుంది. బ్యాంకు వారికి తెలుస్తుంది. దొంగ నంబరు కొట్టినవాడు దొంగ ముద్ర కొట్టడని ఎవరు నమ్ముతారు? కంచే చేను మేసిందని ఒక్కరు అంటే చాలు, నలభై ఏళ్ళలో తాను చెక్కిన ప్రతి ముద్ర మీదా, ఆ ముద్ర పడిన ప్రతి కాగితం మీదా అనుమానం పడుతుంది. జైలు కంటే ఆయనకు ఆ ఊహకే ఎక్కువ భయం వేసింది. జైలు భయం కూడా తక్కువేమీ కాదు.

దారి ఒకటి తోచింది. పాత పంచ్ పెట్టి, ఒక ఏడును కొంచెం లోతు చేసి, నాలుగును కాస్త పక్కకు నెడితే సరిపోతుంది. పనిముట్లు తెచ్చాడు. ఏడాదిగా ఆయన చెయ్యి వణుకుతోంది. చక్కటి పని కష్టమవుతోంది గానీ, వంకర పనికి ఈ చెయ్యి దివ్యంగా పనికొస్తుంది. ఆనాడు ఈ వణుకే ఉండి ఉంటే ఈనాడు ఈ భయం ఉండేది కాదన్న ఆలోచన వచ్చి, ఆయనకు నవ్వు కూడా వచ్చింది, ఏడుపుకు పక్కింట్లో ఉండే నవ్వు. పంచ్‌ను ఏడు మీద ఆనించి సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తి దిగలేదు. నీతి అడ్డొచ్చిందని రాస్తే బాగుండును, కానీ నిజం అది కాదు. తాను కొట్టిన అంత మంచి ఏడును చెడగొట్టడానికి ఆయనకు మనసు రాలేదు. తప్పు చేయగలిగిన చెయ్యి, దాన్ని తప్పుగా చేయలేకపోయింది.

దుకాణంలోకి వచ్చి నాలుగో పుస్తకం తీశాడు. అరవై రెండో ఆకు చింపి స్టవ్ మీద పెడితే, కనీసం సాక్ష్యం పోతుంది. ఆకు పట్టుకుని తిప్పి చూశాడు. వెనక వైపు ఆ ఏడాది కోర్టుకు చెక్కిన గుండ్రటి ముద్ర అచ్చు ఉంది. ఇది పోతే అదీ పోతుంది. చాలాసేపు ఆ ఆకును వేళ్ళ మధ్య పట్టుకునే కూర్చున్నాడు. చివరికి పుస్తకాన్ని రబ్బరు షీట్ల అడుగున తోసేశాడు.

ఆ రెండు రోజులూ ఆయన తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. బావమరిది ఫోను చేసి కొత్త ఇంటి గురించి మాట్లాడుతూ ఏ నంబరు అని అడిగితే, అది ఫ్లాటు నంబరని అర్థమయ్యేలోపు రిసీవరు చెమటతో తడిసింది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండడం చూసి, భార్య అది దొరసాని మీద బెంగ అనుకున్నది. “సవతి వెళ్ళిపోతుంటే నాకు లేని బెంగ మీకెందుకండీ” అని ఊరుకోబెట్టింది.

గురువారం పదింటికి పరీక్షకుడు వచ్చాడు. బక్కపలచటి మనిషి, యాభై దాటినవాడు, మెత్తటి గొంతు. సంచిలోంచి టార్చి, పళ్ళ డాక్టరు అద్దం లాంటి చిన్న అద్దం, సుద్దముక్క తీసి వరసగా గుడ్డ మీద పేర్చుకున్నాడు. బావమరిది అతని వెంటే తిరుగుతూ దొరసాని గుణగణాలు వర్ణిస్తున్నాడు. పరీక్షకుడు ఊ కొడుతూనే అడుగున దూరి, తలుపుల సందులు తడిమి, తోలు సీటు కుట్లను గోటితో గీరి చూశాడు. గంట గడిచింది. అప్పుడు బానెట్ ఎత్తమన్నాడు.

ముద్రలాయన రెండడుగుల దూరంలో షెడ్డు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పరీక్షకుడు అంకెల మీద సుద్ద రుద్దాడు, టార్చి పక్కవాటంగా పట్టాడు, వంగాడు. వంగినవాడు లేవడు. ఎక్కడో వీధిలో ఎవరో గిన్నె కింద పడేశారు. దాని చప్పుడు ఆగేదాకా ముద్రలాయన ఊపిరి తీసుకోలేదు.

“ఇంత శుభ్రమైన నంబరు నా సర్వీసులో చూడలేదండీ” అన్నాడు పరీక్షకుడు, నడుం పట్టుకుని లేస్తూ. “ఒక్క మరక లేదు. చాలా జాగ్రత్తగా ఉంచుకున్నారు.”

అంతే. సుద్ద తుడిచేశాడు. ఏ అందం పట్టిస్తుందని ఆయన రెండు రోజులుగా వణికిపోయాడో, ఆ అందమే ఆయనను గట్టెక్కించింది. బావమరిది వెనక నుంచి వీపు తట్టాడు. ముద్రలాయన పరీక్షకుణ్ణి దుకాణంలోకి తీసుకువెళ్ళి, తన బల్ల మీద చోటు చేశాడు. పరీక్షకుడు ఆఫీసు ఫారం తీసి నింపసాగాడు. ఇంజను నంబరు మొదటిదే, మార్పులు లేవు, అని రాయడం తలకిందులుగానే కనిపించింది. భార్య టీ తెచ్చి పెట్టింది. పరీక్షకుడు సంతకం చేశాడు, సంచిలో చెయ్యి పెట్టి ఒక ఇత్తడి ముద్ర, సిరాపెట్టె తీశాడు.

ఆ ముద్రను ముద్రలాయన పిడి చూసే గుర్తు పట్టాడు. ఆరేళ్ళ కిందట, ఇదే బల్ల మీద, పదకొండు రోజులు చెక్కిన ముద్ర. బయటి వలయానికి అడుగున, ఎవరికీ కనిపించని ఒక చుక్క ఉంటుంది. అది ఆయన గుర్తు. ఏ ముద్రకైనా ఆ చుక్క పెట్టేటప్పుడు ఆయన మనసులో ఒక మాట అనుకుంటాడు. ఇది పడిన చోట ఉన్నది నిజం.

సిరా అద్దుకున్న ముద్ర కాగితం మీదికి వస్తోంది. ముద్రలాయన చెయ్యి దాని కిందికి వెళ్ళింది. వెళ్ళమని తాను చెప్పినట్టు ఆయనకు గుర్తులేదు. ముద్ర ఆయన చేతి మీద పడింది.

“అది అసలుది కాదండీ” అన్నాడు. “ఆ నంబరు నేను కొట్టింది.”

బావమరిది నవ్వబోయాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, కళ్ళు తిరిగి ఏదో అంటున్నాడని సర్దబోయాడు. పరీక్షకుడు చెయ్యెత్తి ఆపాడు. ముద్రకు నెమ్మదిగా మూత పెట్టి సంచిలో వేశాడు.

“మీరు చెప్పింది నేను విన్నాను. విననట్టు ఇప్పుడు రాయలేను” అన్నాడు. గొంతు అలాగే మెత్తగా ఉంది. “ఇంజను మార్చుకోవడం తప్పు కాదండీ. దాచడం తప్పు. దానికంటే ముందు నాకొకటి చెప్పండి. గీకేసిన నంబరు ఎవరిది?”

ఇరవై ఏడేళ్ళలో ఆయన తనను తాను అడగని ప్రశ్న అదొక్కటే. రసీదు ఇవ్వని తుక్కు కొట్టు, ఎవరి బండిదో తెలియని దిమ్మ. దొంగిలించిన బండిది కావచ్చు. ఎవరినో గుద్ది పారిపోయిన బండిది కావచ్చు. ఆయన లేచి, రబ్బరు షీట్లు తీసి, నాలుగో పుస్తకం అరవై రెండో ఆకు తెరిచి పరీక్షకుడి ముందు పెట్టాడు. చచ్చిపోయిన అంకెలు నల్లటి మసిలో, నిన్ననే అద్దినట్టు, వరసగా ఉన్నాయి.

భార్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది. పరీక్షకుడు వాంగ్మూలం రాయించుకుని, ఆ ఆకుకు ఫొటో తీసుకుని వెళ్ళిపోయాక, చల్లారిన టీ గ్లాసు తీస్తూ అన్నది.

“ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ తెలియని మనిషి. ఇంత సంగతి ఇన్నేళ్ళు ఎక్కడ దాచారండీ?”

అడిగిన తీరులో ఎగతాళి ఉంది. జవాబు కోసం ఆగకుండా గ్లాసుతో లోపలికి వెళ్ళిపోయింది.

తరువాతి మూడు వారాలు చెప్పుకోదగ్గవి కావు, బతకదగ్గవీ కావు. ఆఫీసు ఆ పాత నంబరు ఎవరిదో వెతుకుతోంది. వీధిలో మోటారు సైకిలు ఆగితే ఆయన పని ఆగేది. బావమరిది రెండుసార్లు వచ్చి, నోరు మూసుకుని ఉంటే ఈపాటికి దొరసానీ పోయేది, దరిద్రమూ పోయేదని విసుక్కుని, మూడోసారి వచ్చి, తన ఎరుకలో ఒక మంచి వకీలు ఉన్నాడని గొంతు తగ్గించి చెప్పాడు. భార్య ప్రతి సాయంత్రం ఒక ఇస్త్రీ చొక్కా మడతపెట్టి కుర్చీ మీద ఉంచేది, దాని మీద ఆయన మందుల పొట్లం. ఎవరైనా వచ్చి ఉన్నపళంగా రమ్మంటే వెతుక్కోనక్కరలేకుండా. పొద్దున్నే రెండూ తీసి బీరువాలో పెట్టేది. ఇద్దరూ ఆ కుర్చీలో కూర్చోవడం మానేశారు.

విచారణ రోజున ఆ చొక్కాయే తొడుక్కుని వెళ్ళాడు. భార్యా వెంట వెళ్ళింది. రిజిస్ట్రేషను అధికారిణి కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని ఫైలు చదువుతుంటే, ఆయన చూపు బల్ల మీది ముద్ర మీదే ఉంది. గీకేసిన నంబరు ఆచూకీ దొరికిందని ఆవిడ చెప్పింది. ఒక పెద్ద హోటలు వారి కారు. వరదలో మునిగితే, పనికిరాదని బీమా సంస్థ రాసి, తుక్కుకు అమ్మేసింది. కాగితాలు ఉన్నాయి. దొంగిలించినది కాదు. ఆ దిమ్మను ఆ రోజే దరఖాస్తు పెట్టి మార్చుకుని ఉంటే, నాలుగు నెలలు తిరిగితే పని అయిపోయేదని కూడా ఆవిడ చెప్పింది. ఇరవై ఏడేళ్ళ భయం ఖరీదు నాలుగు నెలలన్నమాట. ఆ నాలుగు నెలలు కూడా ఎందుకు పట్టాలన్నది ఆ ఆఫీసు తనను తాను అడగవలసిన ప్రశ్న. ఆ రోజు ఎవరూ అడగలేదు.

“పరీక్షకుడు చూశాడు, బాగుందన్నాడు, సంతకం కూడా చేశాడు” అన్నది అధికారిణి. “అప్పుడు ఎందుకు చెప్పారు?”

“ఆ ముద్ర నేను చెక్కిందమ్మా” అన్నాడు ఆయన.

ఆవిడ కళ్ళజోడు తీసి, తన బల్ల మీది ముద్రను ఒకసారి చూసింది. ఆ చూపుతో ఆయనకు ఆశ పుట్టింది, కానీ ఆవిడ ఉత్తర్వు చదివినప్పుడు అందులో ఆ చూపు లేదు. జరిమానా. తమ ఆఫీసుకు ముద్రలు చెక్కేవారి జాబితా నుంచి ఆయన పేరు తొలగింపు. ఆయన ముద్రలు చెక్కే మిగతా ఆఫీసులన్నింటికీ ఈ ఉత్తర్వు నకలు. దిమ్మ మీది దొంగ నంబరుకు అడ్డంగా గీటు కొట్టి, పక్కన ఆఫీసు ఇచ్చే కొత్త నంబరు వేయాలి. వేసేది ఆఫీసు మనిషి, ఆయన కాదు.

ఆ పని షెడ్డులోనే జరిగింది, నెలాఖరుకు రెండు రోజుల ముందు. ఆఫీసు మనిషితో పాటు పరీక్షకుడూ, డాక్టరమ్మా కూడా వచ్చారు. బేరం పోయిందని బావమరిది ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. డాక్టరమ్మ బానెట్ కింద తల పెట్టి చూసి, ఇచ్చే ధర తగ్గించి, తీసుకుంటానన్నది. అసలుది కాదు గదండీ అని బావమరిదే నోరు జారాడు.

“విరగని ఎముక నా దగ్గరికి రానే రాదయ్యా” అన్నది డాక్టరమ్మ.

ఆఫీసు మనిషి పంచ్ పెట్టి, నాలుకను పెదవుల మధ్య బిగించి, సుత్తితో కొట్టసాగాడు. మొదటి అంకె ఎడమకు వాలింది. మూడోది పైకి ఎగిరింది. ఏడు వచ్చింది, కుంటుకుంటూ. చూస్తున్న ముద్రలాయన వేళ్ళు దురద పెట్టాయి. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, గట్టిగా అదిమి పట్టుకుని నిలబడ్డాడు. పని ముగిశాక, అడగవచ్చో లేదో తెలియక, ఒక అచ్చు తీసుకోనిస్తారా అని అడిగాడు. పరీక్షకుడు తల ఊపాడు.

దొరసాని వీధి మలుపు తిరిగేటప్పుడు భార్యే ముందుగా లోపలికి వెళ్ళిపోయింది. ఆయన దుకాణంలో కూర్చుని, పదకొండో పుస్తకంలో కొత్త నంబరు అచ్చు అంటించాడు. చివరి గడిలో, చెక్కినది ఎవరు అన్న చోట, ‘నేను కాదు’ అని రాశాడు. వంకర ఏడును మరొకసారి చూశాడు. వంకరగానే ఉంది.

అప్పుడు ఫోను మోగింది. వేళ్ళకు మసి ఉంది. భార్య లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఎత్తండి అన్నట్టు చూసింది. ఎత్తాడు. కోర్టు సూపరింటెండెంటు. నకలు అందిందన్నాడు. మంచి చెడ్డలేవీ అడగలేదు. కోర్టు కోసం ఆయన చెక్కిన ముద్రలన్నింటి అచ్చులూ జడ్జిగారు చూడాలంటున్నారనీ, రేపు పదిన్నరకు పుస్తకాలు తీసుకుని రావాలనీ చెప్పాడు. ఒక్క ఆకు తగ్గినా లెక్కలోకి రావన్నాడు. ఆ తరువాత ఏమవుతుందని ముద్రలాయన అడగబోయేలోపు అవతల పెట్టేశారు.

పదకొండు పుస్తకాలూ బల్ల మీదికి దించి, మొదటి దానితో మొదలుపెట్టి, ఆకులు ఒక్కొక్కటే తిప్పుతూ వరస చూశాడు. భార్య ఎదురుగా కూర్చుని, తిప్పిన ఆకు మీద చెయ్యి ఆనిస్తూ పోయింది. నాలుగో పుస్తకంలో అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు. ఆ ఆకు అంచున, ఆ మంగళవారం ఆయన వేళ్ళు నొక్కిన చోట, చిన్న నలుగు ఉంది. చిరగలేదు. చివరి పుస్తకం చివరి ఆకు దాకా ఒక్కటీ తగ్గలేదు. ఆవిడ లేచి, ఇస్త్రీ చొక్కా తెచ్చి కుర్చీ మీద పెట్టింది. ఆయన పుస్తకాలను వరసగా పేర్చి దారంతో కట్టబోయాడు. ముడి పడడానికి మూడుసార్లు పట్టింది.